తువ్వాల కింది ధర

నేను ఒక తువ్వాలను. ఎర్ర అంచు, తెల్ల ఒళ్ళు. ఒళ్ళు ఇప్పుడు తెల్లగా లేదు. అయినా అట్లాగే చెప్పుకుంటాను.

నన్ను నేసింది చేతిమగ్గం మీద. నేసినాయన నన్ను మగ్గం మీంచి కోసి మడతపెడుతుంటే వెనక వీధిలో మరమగ్గాలు ఆడుతున్నాయి. "అవి నిద్రపోవంటనే," అన్నాడు పెండ్లాంతో. ఏడుస్తూ కాదు, అబ్బురంగా. తర్వాత ఆయన మగ్గం విప్పేశాడని విన్నాను.

నన్ను కొన్నవాడు బిచ్చన్న. పాలమూరు దిక్కు శనివారం పశువుల సంతలో దళారి. చెమట తుడుచుకోవడానికి కాదు, బేరానికి కొన్నాడు. ఆ సంతలో ధర నోటితో చెప్పరు. దళారి చెయ్యి, ఎదుటివాడి చెయ్యి కలుస్తాయి. వాటి మీద నన్ను కప్పుతారు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఎట్లా నొక్కితే ఒప్పుకున్నట్టో ఆ ఇద్దరికే తెలుసు. పైన మొఖాలు ఏమీ ఎరగనట్టు ఉంటాయి. కింద నా చీకట్లో వేళ్ళు కొట్లాడుకుంటాయి. కొన్నవాడికి ఒక ధర, అమ్మినవాడికి ఒక ధర. ఆ రెండింటి నడుమ ఉన్న సందే బిచ్చన్న బతుకు. చెడ్డవాడు కాదు. నన్ను శుభ్రంగా ఉతికించేవాడు.

ఆ చీకట్లోకి ఆడవాళ్ళ చెయ్యి ఎన్నడూ రాలేదు. ఆశమ్మ అని ఒకామె ఉంది. భర్త పోయాక ఆమె పశువులను అమ్మాలంటే మరిది వచ్చి నా కింద చెయ్యి పెట్టేవాడు. ఆమె దూరంగా నిలబడేది. తన ఆవు ఎంతకు పోయిందో మరిదిని అడిగి తెలుసుకునేది. అతను చెప్పే ధర, నా కింద తెగిన ధర ఒకటి కాదు. గుడ్డలకు నోళ్ళుంటే సంతలు సాగవు.

ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాయి. ఆశమ్మ ఎద్దులకు పని పోయింది. ఆ జతను అమ్మి, అదే సంతలో పాడిబర్రెను కొనుక్కుంటే ఊళ్ళోనే బతకొచ్చు. ధర తక్కువైతే బర్రె రాదు. సంత చివర బొంబాయి కూలీల బస్సు ఆగి ఉంది. మేస్త్రి ఆమెకు సీటు ఆపి పెట్టాడు. బర్రె, లేదంటే బస్సు.

ఆ శనివారం ఆమె ఒక్కతే వచ్చింది. చేతిలో ఫోను. దాని ముందు పశువును నడిపిస్తే, ఎక్కడెక్కడి సంతల ధరలూ చూసి ఇది ఎంత పలుకుతుందో చెబుతుందట. మహిళా సంఘంలో నేర్పారట.

బిచ్చన్న నవ్వాడు. "ఏందక్కా, ఎద్దులకు ఫొటోలా? సంబంధం జూస్తున్నవా?"

"సంబంధమే అనుకో బిచ్చన్నా. ఈ తాప మాటముచ్చట నేనే మాట్లాడుకుంట."

"మీ మరిది ఏడి?"

"ఇంట్ల పండిండు. నేనే లేపలే."

ట్రాక్టరు ఎక్కని గుట్టల ఊళ్ళ కోసం ఎద్దులు కొనే లారీ ఆసామి ఒకడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆశమ్మ ఎద్దులను అటూ ఇటూ నడిపించి ఫోనుకు చూపింది. జనం మూగారు. బిచ్చన్న నాతో మెడ తుడుచుకున్నాడు. మెడ తడిసిపోయి ఉంది.

"నలుగుర్ల ధర జెప్పుడు మర్యాద గాదక్కా. ఇటు తే."

ఫోను అందుకుని, దాని మీద నన్ను కప్పి, లోపలికి చెయ్యి పెట్టాడు. వేళాకోళానికి కాదు. బతుకంతా అదే చేశాడు, ఇప్పుడూ అదే చేశాడు. మనిషి వేలు పట్టుకున్నట్టు ఫోను అంచు పట్టుకుని నొక్కాడు. జవాబు కోసం ఆగాడు. మళ్ళీ నొక్కాడు.

ఎక్కడ తగిలిందో ఏమో, నా కింద వెలుగు పుట్టింది.

పుట్టి ఇన్నేళ్ళయింది, బేరం నడిచే చోట నేను వెలుగు చూడలేదు. నా పోగు పోగూ కనబడేంత వెలుగు. అందులోంచి ఒక ఆడగొంతు సంతంతా వినబడేట్టు పలికింది. "ఈ ఎద్దుల జత తొంభై వేల రూపాయలు పలకవచ్చు. ఎడమ ఎద్దు ముందుకాలు స్వల్పంగా కుంటుతోంది. అందువల్ల పదివేలు తగ్గవచ్చు."

గోల గోలగా ఉన్న సంత ఎద్దు కాలు దిక్కు తిరిగింది. ఎక్కడో ఏ దేశంలోనో ఉన్న యంత్రమట. అంత దూరం నుంచి మా ఎద్దు కాలు చూసింది.

ఆశమ్మ మొఖం పాలిపోయింది. ఆ కుంటు ఆమెకు తెలుసు. పొద్దున్నే నూనె పట్టించి, కనబడకుండా తోలుకొచ్చింది. "నా చేతుల ఉండి నా గుట్టే జెప్పె గదనే!" అంది. జనం పగలబడి నవ్వారు.

బిచ్చన్న నవ్వలేదు. చెయ్యి బయటికి తీసి వేళ్ళు చూసుకున్నాడు. "దీనికి మనోడు, పగోడు లేడు," అన్నాడు, గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా.

"కుంటు నేను ముందే జూసిన," అన్నాడు లారీ ఆసామి. "ధరనే మీరు జూడలేదనుకున్న." ఒప్పుకుని ఎనభై వేలు ఇచ్చాడు.

బర్రెకు సరిపోయింది. దాని బేరం ఆశమ్మ నోటితోనే, నలుగురిలోనే చేసింది. కొన్న పశువు పలుపుతాడు ఉట్టి చేత్తో అందుకోకూడదని ఆ సంతలో పట్టింపు. ఆమె కొంగు సర్దుకుంటుంటే బిచ్చన్న నన్ను భుజం మీంచి తీసి ఆమె చేతుల మీద పరిచాడు.

"దీంతోని పట్టుకో అక్కా. నాకింక దీంతోని ఏం పని?"

అట్లా నేను ఆశమ్మ ఇంటికి వచ్చాను. ఇప్పుడు ఆమె నన్ను చుట్టకుదురుగా చుట్టి, నా మీద పాలబిందె పెట్టుకుని నడుస్తుంది. చీకటిని కప్పి బతికినదాన్ని, ఊరు మొత్తం చూస్తున్నాను.

కొన్నాళ్ళకు సంతలో అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒక శనివారం ఆమె సంతలో పాలు పోసి వస్తుంటే, బొంబాయి బస్సు మెట్టు మీద సంచితో బిచ్చన్న కనబడ్డాడు.

"నువ్వెక్కడికి బిచ్చన్నా?"

"నీ సీటు ఖాళీగనే ఉన్నదన్నరక్కా."

ఆశమ్మ బిందె దించి నన్ను విప్పి అతనికి చాచింది. "తీస్కపో. ఎండకన్న కప్పుకుంటవు."

బిచ్చన్న నన్ను ఒకసారి వేళ్ళతో తడిమాడు. తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఉంచుకో. అక్కడ కూలి ఎంతనో ఫోను ముందే జెప్పింది. బేరం లేదంట. చెయ్యి పెట్టే పనే లేదు."

బస్సు కదిలింది. ఎద్దు ధర ఎద్దుగల్లామెకు చెప్పిన ఆ గొంతే బిచ్చన్న కూలి కూడా చెప్పింది. ఆ కూలిని ఎవరి వేళ్ళు తెంచాయో, వాటి మీద ఎంత పెద్ద తువ్వాల కప్పి ఉందో నాకు అందదు. నేను రెండు చేతులు కప్పేంత గుడ్డను.

ఆశమ్మ దుమ్ము అణిగేదాకా నిలబడింది. తర్వాత నన్ను మళ్ళీ చుట్టి తలకెత్తుకుంది. బర్రె పాలు పితికే వేళయింది.