కాటాకు చిక్కని బరువు

"నూట ముప్పై!"

ఆమె పైకే అనేసింది. ఇంకా ఆరు కాలేదు. లారీలు తూచే ఇనుప పలక మీద, సరిగ్గా నడిమధ్యన, చెప్పులు విప్పి నిలబడి ఉంది. కాటా గది నెత్తిన ఉన్న ఎర్రంకెల బోర్డు కూడా అదే మాట అంటోంది.

గేటు దగ్గర వరసలో మొదట ఆగిన కంకర లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నూట ముప్పై ఏంటక్కా? నా బండి ఇంకా ఎక్కనేలేదు!"

"నీ బండి కాదురా బాబూ, నా బండి."

"ఓహో! ఖాళీ బండా, లోడు బండా?"

"పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళే. ఖాళీదే. నా సంగతికేం గానీ, అంచు తగలకుండా ఎక్కించు. తగిలిందంటే నీకు తూకం కాదు, శోకం రాసిస్తా."

ఆమెను అందరూ టన్నక్క అంటారు. చేరిన కొత్తలో ఎవడో కుర్ర డ్రైవరు ఆమె ఒళ్ళు చూసి అతికించిన పేరు. "టన్నుల లెక్క రాసేదాన్ని టన్నక్క అనక తులమక్క అంటారా?" అని ఆమే ఆ పేరును ఒడిసి పట్టుకుంది. దాంతో వెటకారం పళ్ళు ఊడి, వరస మాత్రం మిగిలింది. ఇరవై రెండేళ్ళుగా అదే పేరు, అదే గది. చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. ఒక కంప్యూటరు, చీటీలు కక్కే చిన్న యంత్రం, అడ్డం జరిపే అద్దం కిటికీ, ఒక తిరిగే కుర్చీ. కుర్చీ మూడోది. మొదటి రెండూ పనిలో ఉండగానే నేలకొరిగాయి.

పని తేలికే. సరుకు నిండిన లారీని తూచాలి. దింపాక ఖాళీ లారీని తూచాలి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే సరుకు బరువు. అన్నీ కుర్చీలో కూర్చునే. కాటా దగ్గర ఆగిన ప్రతి డ్రైవరూ తాను తాగే టీతో పాటు ఆమెకూ ఒకటి పంపడం ఇక్కడి మర్యాద. రోజుకు పద్నాలుగు టీలు, టీకి రెండేసి చెంచాల చక్కెర. వద్దంటే డ్రైవరు చిన్నబుచ్చుకుంటాడు. డాక్టరు దాన్ని మధుమేహం అన్నాడు గానీ, నిజానికది మధుమొహమాటం.

ఆరు నెలల కిందట రక్తపరీక్షలో మూడు నెలల చక్కెర సగటు తొమ్మిదిన్నర వచ్చింది. "ఆరు నెలలు చూద్దాం. దిగకపోతే సూది మొదలెడదాం," అన్నాడు డాక్టరు. సూది అనగానే ఆమెకు అమ్మ గుర్తొచ్చింది. రోజూ రెండు పూటలా అమ్మకు సూది వేసింది తనే. పట్టించుకోవడం ఆలస్యమై అమ్మ కాలివేళ్ళు మూడు పోయాయి. తప్పు సూదిది కాదు, ఆలస్యానిది. అది ఆమెకు తెలుసు. తెలిసినా, సూది పేరెత్తితే ఆమె అరికాళ్ళు చల్లబడతాయి.

ఆసుపత్రి నర్సమ్మ తిండి కాగితం రాసిచ్చింది. టీ రోజుకు రెండు, చక్కెర లేకుండా. భోజనంలో ముందు కూరగాయలు, తర్వాత గుడ్డు, అన్నం ఆఖర్న, అదీ పిడికెడు. తిన్నాక పావుగంట నడక. చీకటి పడకముందే రాత్రి భోజనం. బరువు ఎంతని అడిగితే టన్నక్క నూట ముప్పై అంది. ఆసుపత్రి తూకం నూట ఇరవైకే చేతులెత్తేస్తుంది. "కాటా అక్కవి, నీకన్నా నికరమైన తూకం ఎవరిదిలే," అని నర్సమ్మ ఆ అంకే రాసుకుంది.

ఆ రోజు నుంచి టన్నక్క కాగితం గీత దాటలేదు. రోజూ పొద్దున్నే పలక ఎక్కుతుంది. రోజూ నూట ముప్పై. ఒళ్ళు చిక్కదు, చిక్కులే చిక్కుతాయి. నిన్న రాత్రి మంచమ్మీద కూర్చుని గట్టిగా అనుకుంది: రేపటి రిపోర్టులో కూడా కదలిక లేకపోతే ఇక కాగితం చింపేయడమే. ఆ సూదేదో పొడిపించుకుని, పద్నాలుగు టీలూ పద్ధతిగా తాగడమే.

రిపోర్టు మూడింటికి వస్తుందన్నారు.

పదింటికి ఇసుక లారీ డ్రైవరు కిటికీలోంచి మిఠాయి డబ్బా లోపలికి తోశాడు. మొహం నిండా నవ్వే.

"పాప పుట్టిందక్కా! మూడు కిలోల రెండొందలు."

"సరిగ్గా తూచారా? ఖాళీ తూకం తీశారా?"

"అదెలా తీస్తారక్కా?"

"వాళ్ళమ్మనడుగు, చెప్తుంది! పిల్ల చల్లగా ఉండాలి నాయనా." డబ్బా మూత తీసి చూసింది. నెయ్యి వాసన గదంతా కమ్ముకుంది. మూత పెట్టి సొరుగులోకి నెట్టింది. "నీకు మూడింటి దాకా జైలు," అంది డబ్బాతో. "ఆ తర్వాత నీకు విడుదలా, నాకు శిక్షా తేలుతుంది."

మధ్యాహ్నం ముందు కూరగాయలు తింది, తర్వాత గుడ్డు, ఆఖర్న అన్నం. నమిలి నమిలి తింది. తర్వాత నడక. పలక పొడవు పద్దెనిమిది మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై సార్లు. మొదట్లో అయిదో సారికే ఆయాసం వచ్చేది. ఇప్పుడు ఇరవై పూర్తయ్యేదాకా ఆ సంగతే గుర్తుండదు. ఆమె నడుస్తున్నంతసేపూ బోర్డు మీద నూట ముప్పై వెలుగుతూనే ఉంది, మొండి పిల్లాడు వేసిన పాత లెక్కలాగా.

మూడూ పదికి ఫోను మోగింది. సరిగ్గా అప్పుడే పలక మీద తుక్కు లారీ గర్జిస్తోంది.

"అక్కా! ఏడు!" అంది నర్సమ్మ.

టన్నక్క రెండో చెవి మూసుకుంది. "ఎందుకమ్మా ఏడవడం? అంత ఎక్కువుందా?"

"ఏడవమనలేదక్కా, ఏడుకొచ్చిందన్నా! తొమ్మిదిన్నర నుంచి ఏడు! సూదీ లేదు, గీదీ లేదు. ఉన్న మాత్రలే చాలన్నారు డాక్టరుగారు. స్కానింగులో లివరు కొవ్వు కూడా తగ్గిందట."

టన్నక్క కుర్చీలో వెనక్కి వాలింది. మూడో కుర్చీ కిర్రుమంది గానీ నిలిచింది.

"బరువెంతక్కా ఇప్పుడు? రాసుకోవాలి."

"అదే నూట ముప్పై."

"అదెలా? నడుమన్నా తగ్గుండాలే."

"ఎక్కడ తగ్గింది? పనికి వేసుకునే నీలం చొక్కా కూడా ఎప్పట్లాగే ఒంటిని పట్టుకునే ఉంది."

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. మీ కాటా కిలో కిలోకీ మారుతుందా?"

టన్నక్క కంప్యూటరు మీద అంకె చూసింది. కాటా పది కిలోలకోసారి మారుతుంది. ఆ సంగతి ఇరవై రెండేళ్ళుగా తెలుసు. కొత్త డ్రైవర్లకు విడమర్చి చెప్పేది తనే. నలభై టన్నుల లారీకి పది కిలోలంటే ఏనుగు మీద ఈగ. నూట ఇరవై అయిదైనా, నూట ముప్పై నాలుగైనా బోర్డు నూట ముప్పై అనే చూపిస్తుంది. లారీల సంగతిలో ఇంత తెలిసిన మనిషి, తాను లారీ కాదన్న చిన్న సంగతి మరిచిపోయింది.

ఫోను పెట్టేసి పక్కనున్న తుక్కు గోదాములోకి నడిచింది. అక్కడ ఇనుప ముక్కలు తూచే చిన్న కాటా ఉంది. అది వందగ్రాముల తేడానూ పట్టేస్తుంది. ఎక్కి నిలబడింది. నూట ఇరవై ఆరు. దిగి మళ్ళీ ఎక్కింది. నూట ఇరవై ఆరే. తిరిగొచ్చి మిఠాయి డబ్బా విప్పి, వరసలో ఉన్న లారీలన్నిటికీ తలా ఒకటి పంచింది. పాప పేరు చెప్పుకుని తానూ ఒకటి తింది, కళ్ళు మూసుకుని, అంచుల నుంచి మధ్యకు.

కానీ చొక్కా సంగతి తేలలేదు. బరువు తగ్గితే చొక్కా వదులవ్వాలి కదా.

ఆమె మొగుడు టైలరు. ఇంటి ముందు గదే కొట్టు. ఆమె బట్టలన్నీ ఆయన చేతివే. సాయంత్రం వెళ్ళేసరికి మిషను మీద వంగి ఉన్నాడు. బొత్తాలు కుట్టించుకోవడానికొచ్చిన ముసలాయనా, పక్కింటి టీచరమ్మా బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఏమండీ, చక్కెర ఏడుకు దిగింది. బరువూ తగ్గింది. మరి ఈ చొక్కా ఎందుకు వదులవలేదు?"

మిషను ఆగింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. దొంగ దొరికాడన్నది అందరికీ అర్థమైంది.

"అదీ... భుజం జారుతుంటే చూడలేకపోయానే. టైలరు పెళ్ళాం వదులు చొక్కా వేసుకుంటే ఊళ్ళో నా మొహం ఏం కావాలి? నువ్వు పడుకున్నాక పక్క కుట్లు కొంచెం లోపలికి వేశాను."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

టీచరమ్మ పక్కున నవ్వింది. "మరి ఆమెకు ఒక్క మాట చెప్పొచ్చుగదండీ! ఆరు నెలలు మనసులో కుమిలిపోయింది పాపం."

"మా వృత్తిలో అది కూడదమ్మా," అన్నాడాయన నిజంగానే గంభీరంగా. "కొలత నోటికొస్తే కలత ఇంటికొస్తుంది. రాసుకోవాలి గానీ అనకూడదు."

ఆమె ఆయన కొలతల పుస్తకం లాక్కుంది. తన పేజీ మొదట్లోనే ఉంది. పెళ్ళైన నెలలో నడుము ఇరవై ఎనిమిది. తర్వాత ముప్పై ఒకటి. ముప్పై ఆరు. నలభై రెండు. ఒక్కో అంకె పక్కన ఒక్కో తేదీ. యాభై దాకా ఎక్కింది. ఆ ముప్పై ఏళ్ళలో చొక్కా బిగిసిందని ఆమె ఒక్కసారి కూడా అడగాల్సిన అవసరం రాలేదు. బిగిసిన మర్నాటికే అది ఊపిరాడేలా తయారై ఉండేది. గుడ్డ మంచిది, సాగుతుంది అనుకునేది. ఆఖరి నాలుగు వరసల్లో అంకె దిగింది: నలభై తొమ్మిది, నలభై ఏడున్నర, నలభై ఆరు, నలభై అయిదు.

ఆమె పెరిగిన అంకెల మీద వేలు పెట్టింది. "అప్పుడు కూడా మీరేనా?" అంది. "విప్పిందీ మీరేనా?"

"మరెవరు విప్పుతారే?" అన్నాడు.

బొత్తాల ముసలాయన గొంతు సవరించుకుని వీధివైపు చూశాడు.

ఆయన లేచి అలమర పైనుంచి ఒక పొట్లం దించి, విప్పి, మిషను బల్ల మీద పెట్టాడు. కుట్లలోంచి కత్తిరించిన నీలం గుడ్డ పేలికలు. ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు.

"ఇవెందుకు దాచారు?"

"మళ్ళీ లావైతే అతుకేద్దామని."

ఆమె పకపకా నవ్వింది. ఆ ఊపుకు చొక్కా ఒక్క చోటా పట్టేయలేదు. "అతుకు మాట తర్వాత. పొద్దు వాలకముందే అన్నం తినాలి, లేవండి," అంటూ లోపలికి నడిచింది. ఆయన మిషను దీపం ఆర్పి వెనకే వెళ్ళాడు. వచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళారు.

ఆమె నడుములోంచి అయిదంగుళాలు ఎవరితోనూ చెప్పకుండా ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయాయి. మిషను బల్ల మీద ఆమె చొక్కా నీలం పేలికలు, వీధిలోంచి వచ్చే గాలికి కొసలు కదుపుతూ పడి ఉన్నాయి.