గురువారం ఫోటో

"ఇంట్లో కూర్చుని చేసేదే కదా, కాస్త ఫోటోలు ఎక్కించి పెట్టు. ఆదివారం అక్కా బావా వస్తున్నారు" అన్నాడు భర్త, డిజిటల్ ఫోటో ఫ్రేము డబ్బాని వంటగట్టు మీద, సరిగ్గా ఆమె కూర తరుగుతున్న చోటే పెట్టి.

ఇంట్లో కూర్చోవడమట! బ్యాంకు నుంచి వచ్చి కొంగు దోపిందంటే ఆమె మళ్లీ కూర్చునేది మంచం మీదే. అయినా ఫోటోలు ఎక్కించడమంటే మాటలా? ఈ ఇంట్లో ఫోటోలు తీసేది ఆమె, ఏరేది ఆమె, తిట్లు తినేదీ ఆమే. ఆయనకు పొట్ట కనబడకూడదు. అత్తగారికి కళ్లు మూసుకున్నవి వద్దు. కూతురికి తనున్న ప్రతిదీ వద్దు. ఆమె ఎందులోనూ ఉండదు కాబట్టి ఆమెకే పేచీ లేదు. ఏటా సముద్రానికి వెళ్లినప్పుడు "నీకు నీళ్లంటే భయం కదా, ఒడ్డున చెప్పులు చూసుకుంటూ ఫోటోలు తియ్యి" అనేవాడు. మొదట్లో నిజంగానే భయపడేది. తర్వాత ఎవరూ అడగలేదు.

ఫోను ఫ్రేముకి కలిపింది. ఇటు కుక్కరు కూత, అటు "అమ్మా, నా సాక్సు ఏదీ?" అని కూతురి కేక, హాల్లోంచి "ఇంకా అవలేదా?" అని ఆయన. విసుగొచ్చి 'అన్నీ' అన్నచోట నొక్కి పడేసింది.

ఆదివారం అందరూ టీ కప్పులతో ఫ్రేము ముందు చేరారు. నల్లకళ్లజోడుతో ఆయన వచ్చాడు. "అబ్బో, మా తమ్ముడు హీరోనే!" అని మురిసిపోయింది ఆడపడుచు. ఆ వెనకే కారుతున్న సింకు పైపు వచ్చింది. దాని వెనక అత్తగారి మందుచీటీ.

"ఇదేం ఆల్బమమ్మా?"

"నా రోజంతా అదే వదినా" అనేసింది ఆమె. అందరూ నవ్వారు.

అప్పుడొచ్చాయి నీలం నీళ్లు. రబ్బరు టోపీ, కళ్లకు గాగుల్స్, మెడదాకా నీళ్లలో ఉండి ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్న ఒక మనిషి. ఆమె చప్పున ఫ్రేము వైపు ఒక అడుగు వేసింది. ఆఫీసులో పని ఎక్కువని చెప్పి, తోటి క్యాషియరుతో ఈతకొలనుకు వెళ్లే గురువారాలవి. ఎవరూ పట్టుకోకుండా మొదటిసారి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరిన సాయంత్రం క్యాషియరు తీసిన ఫోటో. ఆ రోజు బస్సులో తనలో తానే నవ్వుకుంటూ కూర్చుంటే, పక్కసీటావిడ అనుమానంగా చూసి దూరం జరిగింది.

"ఎవర్రా ఈ పిల్ల? ఎంత హాయిగా నవ్వుతోందో!" అంది అత్తగారు.

"కంపెనీవాళ్ల ఫోటో అమ్మా. కొత్త ఫ్రేముల్లో ముందే ఇలాంటివి పెట్టి అమ్ముతారు" అన్నాడు ఆయన, అన్నీ తెలిసినవాడిలా. "తీసెయ్ దాన్ని."

అవునంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే గురువారాలు భద్రం. కానీ అంత సంతోషాన్ని ఎవరిదో అని తుడిచెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నేనే" అంది.

ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు.

"నువ్వా? నీకు భయం కదా!"

"ఉండేది. ఇప్పుడు లేదు. గురువారాలు ఆఫీసు పని అన్నది అబద్ధం. ఈత నేర్చుకుంటున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే, ఈ వయసులో అవసరమా అంటారని."

సరిగ్గా అదే అనబోయాడేమో, తెరిచిన నోరు మూసుకున్నాడు. బావగారికి టీ పొలమారింది.

"సరేలే, నలుగురూ వచ్చే ఇల్లు. అదొక్కటీ తీసెయ్."

"తీయను. గురువారాలు కూడా మానను. ఆ పూట వంట మీరు చూడండి." భయమేస్తుందనుకుంది గానీ వెయ్యలేదు. పైగా నవ్వొస్తోంది.

అత్తగారు లేచి, కళ్లజోడు సర్దుకుని, ఫ్రేము దగ్గరికంటా వెళ్లింది. ఒకసారి ఫోటోలో మనిషిని, ఒకసారి కోడలిని చూసింది. అయిపోయింది, ఇక దండకం మొదలు అనుకుంది ఆమె.

"అమ్మాయ్," అంది అత్తగారు, చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకుంటూ, "నా ముడి పట్టేంత టోపీ దొరుకుతుందంటావా?"