ఈశాన్యం వాటం

చిమ్నీకి టోపీ పెట్టమంటే నేను వెంకటపతిగారికి టోపీ పెట్టానని బందరంతా చెప్పుకుంటున్నారట. చెప్పుకోనివ్వండి. నా మాట కూడా విని ఆ తర్వాత చెప్పుకుంటే బాగుండేది.

నా పేరు డేవిడ్ రాజు. మాది గూడూరు దగ్గర. పాతికేళ్ళుగా తాపీ పట్టినవాణ్ణి. వెంకటపతిగారిది బందరులో బేకరీ. కట్టెల పొయ్యిలో కాలిన రొట్టె అని జనం పొద్దున్నే వరస కడతారు. ఆ పొయ్యికి ఇరవై అడుగుల ఇటుక చిమ్నీ రెండేళ్ళ క్రితం కట్టింది నేనే. ఆ పొయ్యి ముందు నిలబడి రోజంతా ట్రేలు తోసేదీ, లాగేదీ మా అక్క సువార్తమ్మ.

బుధవారం ఉదయం అక్క ట్రే లాగుతుంటే చిమ్నీ లోపల ఇటుక ఒకటి ఊడి నిప్పుల్లో పడింది. నిప్పులు ఎగిరి అక్క మీద పడ్డాయి. కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది.

నాకు ఫోను చేసింది వెంకటపతిగారే. అక్క ఎలా ఉందో ఒక్క ముక్క లేదు.

"ఏమయ్యా, ఇదేనా నీ పనితనం?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. వెంటనే బయల్దేరి వచ్చి, నిచ్చెన వేసుకుని చిమ్నీ పైకెక్కాను.

చిమ్నీ టోపీ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇటుకలు తడవకుండా పైన పోసే సిమెంటు పలక. దాని మధ్యలో పొగ పోయే కన్నం, కన్నంలో మూరెడు ఇనప గొట్టం. గొట్టం దగ్గర ఎత్తుగా ఉండి, నాలుగు అంచులకీ వాలుగా దిగాలి. ఆ వాలునే మేం వాటం అంటాం. అంచులు గోడ దాటి రెండంగుళాలు చూరులా ముందుకి రావాలి. అప్పుడు పడిన చినుకు పడినట్టే బయటికి పోతుంది.

అక్కడ ఉన్నదేమిటి? పలకంతా ఒకటే వాటం, నైరుతి నుంచి ఈశాన్యానికి. నైరుతి సగం మీద పడ్డ వాన అంతా సరాసరి వచ్చి గొట్టానికి కొట్టుకోవాల్సిందే. గొట్టం చుట్టూ వేలు పట్టేంత పగులు. రెండు వర్షాకాలాల నీళ్ళు అందులోంచే దిగాయి. తడిసిన ఇటుకని కింద మంట రోజూ ఉడకబెట్టింది. ఉప్పుగాలి దానికి తోడైంది. పగుల్లో వేలు పెట్టి గీకితే సిమెంటు ఇసకలా రాలింది.

ఆ వాటం ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఆనాడు నేను నాలుగు పక్కలా వాటం తీస్తుంటే వెంకటపతిగారు కిందనుంచి కేకేశారు.

"ఏమయ్యా డేవిడ్, నీళ్ళు ఈశాన్యానికి పోవాలి కదా! డాబాకి అలాగే పెట్టావుగా!"

"డాబా వేరండి, ఇది వేరండి. దీనికి మధ్యలో కన్నం ఉందండి."

"బేకరీ నీదా, నాదా?"

ఆ మాటతో నోరు మూసుకుని వాటం ఈశాన్యానికి తిప్పాను. పక్కింటి హద్దులోకి వస్తుందంటే చూరు కూడా గోడకి సమానంగా కోసేశాను.

కిందికి దిగి, వీలైనంత నెమ్మదిగానే చెప్పాను. "టోపీ పగలగొట్టి మళ్ళీ పొయ్యాలండి. పై నాలుగు వరసల ఇటుకలూ మార్చాలి. పదిరోజులు పొయ్యి వెలిగించకూడదండి."

"పదిరోజులా! క్రిస్మస్ కేకుల ఆర్డర్లు తీసేసుకున్నానయ్యా. పైన కాస్త వైట్ సిమెంట్ పూసెయ్. మీ అక్క చెయ్యి తగ్గేదాకా రెబెకాని పంపమను. కాలేజీకి సెలవులేగా?"

పండగ మాది, తొందర ఆయనది. రెబెకా అక్క కూతురు, నర్సింగ్ చదువుతోంది. తల్లి చెయ్యి కాలిన చోటే పిల్లని నిలబెట్టమంటున్నాడు! ఇంతసేపూ గారు, గారు అంటున్నానా? ఆ మాటతో నా నోట్లో ఆ మర్యాద పోయింది.

సుత్తి, ఉలి తీసుకుని మళ్ళీ ఎక్కాను. నాలుగు దెబ్బలకి పలక రెండు ముక్కలైంది.

"ఎవర్నడిగి పగలగొడుతున్నావ్?" కింద వెంకటపతి చిందులు తొక్కుతున్నాడు.

"ఎవర్నీ అడగలేదు! ఆనాడు నీ మాట విన్నందుకే ఇంతదాకా వచ్చింది! నీ ఈశాన్యం పిచ్చికి మా అక్క చెయ్యి కాలింది!"

రొట్టెలకొచ్చిన జనమంతా తలలెత్తి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

వెంకటపతి కూడా తగ్గలేదు. "నాకేం తెలుసయ్యా? నేను రొట్టెలు కాల్చుకునేవాణ్ణి. మేస్త్రివి నువ్వు! పాడైపోతుందని తెలిసినవాడివి, తాపీ పడేసి ఎందుకు పోలేదు?"

సుత్తి ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. ఎందుకు పోలేదో నాకు తెలుసు. ఆయన కట్టబోయే మేడ పని నాకే ఇస్తాడన్న ఆశ. అది అంతమందిలో ఎలా చెప్పను?

కిందికి చూస్తే జనం వెనక అక్క నిలబడి ఉంది. చేతికి కట్టు, పక్కన రెబెకా. అంతా విన్నట్టుంది. నావైపు ఒకసారి చూసి, పిల్ల భుజం పట్టుకుని వెళ్ళిపోయింది. బందరు జనం పేరు తప్పు చెప్పుకుంటున్నారు. నేను టోపీ పెట్టింది మా అక్కకి.

పాత టోపీ ముక్కలై కింద పడ్డాక వెంకటపతికి ఇంక దారి లేదు. పాడైన ఇటుకలు తీసి కొత్తవి పేర్చాను. నాలుగు పక్కలా వాటం ఇచ్చి, రెండంగుళాల చూరు వదిలాను. వేడికి గొట్టం సాగుతుంది కనక, చుట్టూ వేలి మందాన సందు ఉంచి మంటకి ఆగే మెత్తటి గమ్ము నింపాను. రోజూ రెండుపూటలా తడిపాను. వెంకటపతి కుర్చీ వేసుకుని గుడ్లురిమి చూశాడే గానీ ఈశాన్యం మాట ఎత్తలేదు.

పదోరోజు ఉదయం అక్క ఒక్కతే వచ్చింది. నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని పైకెక్కి, గొట్టం చుట్టూ పోశాను.

"అక్కా, నాలుగు పక్కలా పడుతున్నాయా?"

"పడుతున్నాయి."

"గోడ తడుస్తోందా?"

"లేదు."

ప్రాణం లేచి వచ్చినట్టయింది. గబగబా దిగాను. అక్క ఎడమచేత్తో నా చేతిలోని చెంబు తీసుకుని, తిప్పి చూసింది.

"చిమ్నీ బాగుందో లేదో చూడ్డానికి ఇంతేనా? చెంబుడు నీళ్ళు పోస్తే తెలిసిపోతుందా?"

"ఇంతే అక్కా."

"మరి ఆనాడు దొరకలేదంట్రా నీకు, చెంబుడు నీళ్ళు?"