నూట అరవై రెండు దగ్గర ఆగిన చెయ్యి

నా ఎడమ చెయ్యి తొమ్మిది రోజులుగా నూట అరవై రెండు దగ్గరే ఆగిపోయింది. శుక్రవారం పదకొండు గంటలకు అది నూట డెబ్బై అయిదు అందుకోవాలి. ఇవాళ బుధవారం.

హాలు గోడకు ఒక కాగితపు కొలబద్ద అంటించి ఉంది. రోజూ పొద్దున స్నానం కాగానే దాని ముందు నిలబడి, వేళ్లతో నడిపిస్తూ చేతిని గోడ ఎక్కించడం నా పని. రొమ్ము తీసేశారు, చంకలో గడ్డలు తీసేశారు, ఆ పైన రేడియేషన్ ఇచ్చారు. అన్నీ అయ్యేసరికి భుజం తుప్పుపట్టిన గేటులా బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఈ కొలబద్ద ఇచ్చి, "నొప్పి మొదలైన చోట ఆగండి, అంకె రాసుకోండి, మర్నాడు మళ్లీ ఎక్కండి" అంది. దాని మీద వంద నుంచి రెండు వందల సెంటీమీటర్ల దాకా గీతలున్నాయి. మా ఆయన నేల నుంచి కొలిచి, నాలుగు మూలలా టేపు వేసి అతికించాడు. ఆరు వారాల క్రితం నూట ముప్పై దగ్గర మొదలైన చెయ్యి బాగానే పాకింది. నూట అరవై రెండు రాగానే మొండికేసింది.

నేను వేలిముద్రల నిపుణురాలిని. మా ఆఫీసులో ముద్రల కార్డుల పెట్టెలు ఇనుప ర్యాకుల్లో ఉంటాయి. పై అర ఎత్తు నూట డెబ్బై అయిదు. కేసు చూస్తున్న మనిషి తప్ప ఇంకొకరు ఆ పెట్టె ముట్టకూడదు, ముట్టుకుంటే కోర్టులో వకీలు మొదట పట్టుకునేది దాన్నే. స్టూలు వేసుకుంటానంటే కుదరదు. ఒకాయన స్టూలు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక వాటిని నిషేధించారు. పెట్టె వెడల్పు, రెండు చేతులూ కావాలి.

మా సెక్షన్ పెద్దని వెనకాల అందరూ భూతద్దం అంటారు. ఆయన ఫోన్ చేసి చెప్పాడు.

"అమ్మా, శుక్రవారం పదకొండుకి వచ్చి పై అరలో పెట్టె మీ అంతట మీరు దించితే మీ కుర్చీ మీదే. లేదంటే తపాలా విభాగంలో ఖాళీ ఉంది. అక్కడ అరలన్నీ నడుం ఎత్తులోనే ఉంటాయి. ఆలోచించుకోండి."

పద్దెనిమిదేళ్లు దొంగల వేళ్లు చదివిన మనిషిని కవర్లకు జిగురు పూయమంటున్నాడు, అదీ ఎంతో దయగా.

ఇంకో సంగతి ఆయనకు చెప్పలేదు. చివరి విడత కీమో మాత్రలు నా వేలిముద్రల్ని తినేశాయి. అరచేతులు ఎర్రగా కంది, పొట్టు రాలి, వేళ్ల కొసలు గోళీల్లా నున్నబడ్డాయి. నా ఫోనే నన్ను గుర్తుపట్టడం మానేసింది. "ఇప్పుడు నువ్వు బ్యాంకు దోచినా దొరకవు" అని మా ఆయన నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు. మాత్రలు ఆపి రెండు నెలలైంది. అప్పట్నుంచి వేళ్లకు మందు నూనె రాసుకోవడమే తప్ప, వాటిని చూసుకునే ధైర్యం చెయ్యలేదు.

"ఏమ్మాయ్, నీ బల్లి ఎందాకా పాకింది?" అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసింది.

"నూట అరవై రెండు అత్తయ్యా."

"నిన్నా అదే, మొన్నా అదే. నిద్రపోయిందేమో పాపం." చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "పోనీలే, ఆ ఉద్యోగం లేకపోతే ఏం కొంప మునిగింది? దొంగవెధవల వేళ్లు చూడకపోతే నీకు పొద్దు గడవదా?"

"గడవదు."

"మహాతల్లీ!" అనేసి లోపలికి పోయింది.

నేను నుదురు గోడకు ఆనించి నిలబడిపోయాను. అలా వంగినప్పుడే కనపడింది.

కొలబద్ద కింది అంచుకు దిగువన, గోడ మీద చిన్న చతురస్రపు మరక. వేలు పెడితే జిగురు. దాని పైన మరొకటి, ఆ పైన ఇంకొకటి, మెట్లలాగా. ఇక కొలబద్ద మూలల్లో ఉన్న టేపు ముక్కలు ఆరు వారాల నాటివి కావు. దుమ్ము లేకుండా నిగనిగలాడుతున్నాయి.

ఎవరో ఈ కొలబద్దను జరుపుతున్నారు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నన్ను తీసేస్తే అనుమానితులు ఇద్దరు.

మధ్యాహ్నం మా ఆయన డ్రైవింగ్ క్లాసులు చెప్పడానికి వెళ్లాడు. అత్తయ్య గుర్రు మొదలైంది. అటక కింది బీరువాలోంచి నా శిక్షణ నాటి పెట్టె తీశాను. బ్రష్షు, నల్లపొడి, భూతద్దం, అన్నీ ఉన్నాయి. బ్రష్షు పట్టుకోగానే చేతికి పాత స్నేహితురాలు తగిలినట్టయింది.

గోడ మీద పొడి చల్లి మెల్లగా దులిపాను. నా వేళ్ల నూనెకు పొడి పట్టుకుంది. కొలబద్ద పక్కన నల్లటి అడుగులు బయటపడ్డాయి, ఆరు వారాలుగా నా వేళ్లు ఎక్కిన దారి. కొలబద్దను జరపొచ్చు. గోడను జరపలేరుగా!

ఇనుప టేపు తెచ్చి నేల నుంచి అన్నిటికంటే పై అడుగు దాకా కొలిచాను. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాను.

నూట డెబ్బై ఆరు.

కాగితం నూట అరవై రెండంటోంది. పద్నాలుగు సెంటీమీటర్ల అబద్ధం!

భూతద్దం పెట్టి కింది నుంచి పైకి చూసుకుంటూ పోయాను. కింది మచ్చలన్నీ నున్నగా, ముఖం లేని మనుషుల్లా ఉన్నాయి. నూట యాభై దాటాక ఒకదానిలో ఏదో పలచటి గీత. ఇంకాస్త పైన రెండు, మూడు. చిట్టచివరి మచ్చ, పొద్దున పెట్టిన ఉంగరపు వేలిది. అందులో గీతలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ రెండు సుళ్లుగా తిరిగాయి. ఆ జంట సుడిని శిక్షణలో మొదటి రోజే కార్డు మీద అద్ది చూపించాను, ఇలాంటిది అరుదు అని మా గురువుగారు మెచ్చుకున్నారు.

అది నాది. తిరిగొచ్చింది.

ఎన్నో వేల ముద్రలు చూశాను. ఒక ముద్రను చూసి ఏడవడం అదే మొదటిసారి.

ముక్కు తుడుచుకుని, మూలల్లోని టేపు ముక్కలు ఒలిచాను. జిగురు వైపు ముద్రలు తీయాలంటే పొడిని సబ్బు నీళ్లలో కలిపి పూసి, కుళాయి కింద కడగాలి. కడిగాను. పై ముక్కల మీద ఒక బొటనవేలు. కింది ముక్క మీద మరొకటి, అడ్డంగా కూరలు తరిగే కత్తి గాటుతో. శిక్షణ రోజుల్లో ఇంట్లో వాళ్ల వేళ్లన్నీ ఇంకులో ముంచి కార్డులు చేశాను. ఆ కార్డులు తీయాల్సిన అవసరం కూడా రాలేదు.

దొంగ ఒకడు కాదు. ఇద్దరూ!

సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పి హాల్లోకి రాగానే నల్లటి గోడ చూసి నిలబడిపోయాడు. అత్తయ్య అప్పటికే కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ లేనంత శ్రద్ధగా గోళ్లు చూసుకుంటోంది.

"మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను.

"ఏంటి చెప్పేది?"

టేపు ముక్క ఎత్తి చూపించాను. ఆయన ముఖం వాడిపోయింది.

"అది కాదోయ్... మొదట్లో ఒకరోజు అతిగా ఎక్కించి నీ చెయ్యి వాచింది చూడు. మోచెయ్యి ఎక్కడుందో కూడా తెలీలేదు. నువ్వు అంకె చూశావంటే ఆగవు. రేపు ఇంకా, ఎల్లుండి ఇంకా అంటావు. అందుకని నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు... కాస్త పైకి జరిపేవాణ్ణి."

"పద్నాలుగు సెంటీమీటర్లు కాస్తా?"

"పద్నాలుగేంటి? ఇరవై దాకా జరిపుంటానే!" అనేసి నాలుక కరుచుకున్నాడు. "ఒక్కోరోజు అంకె దానంతటదే పెరిగేది. మళ్లీ జరపాల్సొచ్చేది."

ఇరవైలో పద్నాలుగు పోతే ఆరు. నేను మెల్లగా అత్తయ్య వైపు తిరిగాను. మధ్యాహ్నం నుంచీ ఆవిడ కూడా నన్ను ఆపడానికే జరిపిందనుకుంటున్నాను.

"అత్తయ్యా, మీరు కిందికి దించారా?"

"దించితే ఏం?" ఆవిడ గయ్యిమంది. "రోజూ ఆ అంకె చూసి నీ మొహం మాడిపోతుంటే చూడలేక దించా. కిందికి దించితే అంకె పెరుగుతుంది కదా, కాస్త సంతోషిస్తావని. వీడు వెనకాలే వచ్చి పైకి లాగుతున్నాడని నాకేం తెలుసు?"

"ఉద్యోగం వద్దన్నారుగా?"

"నోటితో అన్నాను. నువ్వు ఇంట్లో కూర్చుని నా వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించావు. ఏ డబ్బా తీసినా నీ చేతిరాతే! నువ్వు ఆఫీసుకు పోతే గానీ నాకు మోక్షం లేదు." ఆపి, కొడుకు వైపు చెయ్యి చూపింది. "వీడి సంగతి చూడు. కార్లో పక్క సీట్లో రెండో బ్రేకు పెట్టుకుని అందర్నీ ఆపడం అలవాటైపోయింది. పెళ్లాం పక్కన కూడా బ్రేకు బిగించుకున్నాడు!"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పది నెలలు రోజంతా నా కళ్ల ముందున్నావు. ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా ఎలా ఉన్నావో నాకు తెలీదు. అదే భయం," అన్నాడు నేల చూస్తూ.

నా కోపం సగం అక్కడే కారిపోయింది. మిగతా సగం ఉంచుకున్నాను.

"రోజూ నేను నొప్పి దగ్గర ఆగాను, అంకె దగ్గర కాదు. ఎక్కడ ఆగాలో నా చేతికి తెలుసు. ఎంత ఎక్కిందో నాక్కూడా తెలియాలి కదా? ఇక ఆ గోడ జోలికి ఎవరూ రావద్దు."

"గోడ ఎలాగూ పాడుచేశావు," అంది అత్తయ్య. "తుడిచేది ఎవరు?"

"తుడవొద్దు. శుక్రవారం దాకా ఉండనీండి."

శుక్రవారం పొద్దున అత్తయ్య గుడ్డతో కుట్టిన చిన్న మెత్త నా చేతిలో పెట్టింది. లోపల దూది, బరువు కోసం గుప్పెడు ఆవాలు. "రవికలో అటువైపు సరిగ్గా సరిపోతుంది. మూడుసార్లు తూకం వేశా. నడిస్తే చప్పుడేం రాదులే." వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. రెండు భుజాలూ చాలాకాలానికి ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఆఫీసు గేటు దగ్గర హాజరు యంత్రం నా బొటనవేలిని మూడుసార్లు కాదంది. కాపలా అతను ఇబ్బందిగా సందర్శకుల పుస్తకం ముందుకు తోశాడు. పద్దెనిమిదేళ్ల చాకిరీ తర్వాత సందర్శకురాలిని! సంతకం పెట్టి లోపలికి నడిచాను.

ర్యాకు దగ్గర భూతద్దం గారు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు.

"తొందరేం లేదమ్మా."

కుడి చెయ్యి ఇట్టే పెట్టె అంచు అందుకుంది. ఎడమది నేరుగా ఎత్తాను. నుదుటి దాకా వచ్చి ఆగింది. ఆపరేషన్ మచ్చ కింద ఎవరో తాడు పట్టి లాగినట్టయింది. ఇంకోసారి. అక్కడే.

"పోనీలేమ్మా, తపాలా విభాగంలో..."

"ఒక్క నిమిషం సార్."

చెయ్యి దించి, వేళ్లు ర్యాకు ఇనుప కమ్మీకి ఆనించాను. చూపుడు వేలు, మధ్య వేలు. ఒక అడుగు, ఇంకో అడుగు.

"అదేంటి?"

"గోడెక్కడం సార్. చెయ్యి ఎలా ఎత్తాలో నిబంధనల్లో రాశారా?"

ఆయన నిజంగానే చేతిలో కాగితం తిప్పి చూశారు. "...రాయలేదు."

కమ్మీ చల్లగా ఉంది. వేళ్ల కొసలకు ఆ చలి తెలుస్తోంది, దాని గరుకూ తెలుస్తోంది. నుదురు దాటింది. నొప్పి ఇంకా మొదలవలేదు. ఇంకో రెండు అడుగులు. ఉంగరపు వేలు పెట్టె మూలకు తగిలింది, పట్టుకుంది. పెట్టె జారి నా రెండు చేతుల్లోకి దిగి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టాను, చప్పుడు కాకుండా.

భూతద్దం గారు సొరుగులోంచి నా పాత కళ్లజోడు పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద దుమ్ము లేదు.

"సోమవారం తొమ్మిదిన్నరకి. ఆలస్యమైతే ఊరుకోను."

వెళ్లేటప్పుడు కాపలా అతన్ని అడిగి యంత్రంలో ఎడమ ఉంగరపు వేలు నమోదు చేయించాను. కాసేపు ఆలోచించి, యంత్రం పచ్చదీపం వెలిగించింది.

బయట మా ఆయన 'నేర్చుకునేవారి బండి' అని రాసి ఉన్న కారుకు ఆనుకుని నిలబడ్డాడు. నా ముఖం చూడగానే తెలిసిపోయింది. తాళాలు నా చేతిలో పెట్టి, వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.

"నేనా? పది నెలలైంది నడిపి!"

"చెయ్యి తిరుగుతుందిగా?"

స్టీరింగు పట్టుకున్నాను. తిరిగింది. సందు మలుపులో ఒక సైకిలు అడ్డంగా దూసుకొచ్చింది. నా కాలు బ్రేకు మీద పడింది, కారు మెత్తగా ఆగింది. అలవాటుగా పక్క సీటు కింది రెండో బ్రేకు మీద ఆయన పాదాల కోసం చూశాను.

పాదాలు అక్కడ లేవు. చెప్పులు కింద వదిలేసి, రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు బిగించి పట్టుకున్నాడు.

"పోనీ," అన్నాడు.

గేరు మార్చాను.