బెల్లం పూసిన కళ్లెం

పోలీసు చర్య ముగిసి నెలన్నా కాలేదు. జాగీర్దారు ఊరొదిలి పారిపోతే, ఆయన తెల్ల ఆడగుర్రాన్ని టాంగాలు తిప్పే పర్వతాలు కారుచౌకగా కొన్నాడు. దాన్ని మచ్చిక చెయ్యడానికి పిలిపిస్తే, యేసురాజు నేరేడ్‌మెట్‌లోని అతని తబేలాలో అడుగుపెట్టాడు.

గుర్రం నోటి మూలలు చిరిగి చీము కారుతోంది. ఈగలు ముసురుతున్నాయి. పక్కనే మేకుకు ముళ్ల కళ్లెం. ముళ్ల మధ్య ఎండిన నెత్తురు, తెగిన చర్మం ముక్క. సరిగ్గా దాని కిందే కూర్చుని పర్వతాలు పూరీ తింటున్నాడు.

"మిలిట్రీల గుర్రాలు సాకినవంట గదా! పొద్దూకేలోపు దీన్ని టాంగాకు కట్టాలె. లేకుంటె మల్కాజ్‌గిరి కాడ సర్కసోళ్లు దిగిన్రు. ఆళ్ల పులులు ఉపాసమున్నయంట."

"కడ్త అన్నా. గని ఆ ఇనుము దీని నోట్ల పెట్టొద్దు. తాడు చాలు."

"ముందుగల కట్టు. మస్తు మాటలు!"

యేసురాజు దొడ్లోకి వెళ్లి, గుర్రానికి వీపు పెట్టి నేల మీద కూర్చున్నాడు. చేతిలో బెల్లం ముక్క. పిలవలేదు, కదల్లేదు.

"ఏందీ యేసురాజూ, పెండ్లిచూపులా? అటు తిరిగి సిగ్గుపడుతున్నవ్!" గోడ మీంచి పర్వతాలు.

ఎండ వాలే వేళకు మెడకు వెచ్చని ఊపిరి తగిలింది. బెల్లం అందించాడు. ఆ పుండు నోటితోనే అరచెయ్యి నాకింది. గోరువెచ్చని నీళ్లతో పుళ్లు కడుగుతుంటే నోరు తెరిచి నిలబడింది. మెత్తని తాడు తలకు చుట్టి నడిపిస్తే వెంట వచ్చి, టాంగా కర్రల మధ్య నిలిచింది.

"శభాష్! పోయి నీళ్లు తాగిరాపో," అన్నాడు పర్వతాలు.

యేసురాజు చెంబు ఎత్తాడో లేదో, గుర్రం అరిచింది. పరుగెత్తుకొచ్చాడు. దాని నోట్లో ముళ్ల కళ్లెం. గడ్డం మీదుగా నెత్తురు.

"ఇనుముకు జెర బెల్లం పూసిన, భయ్. నీ చెయ్యనుకొని దానంతటదే నోరు తెరిచింది!" పర్వతాలు బెల్లం అంటిన వేళ్లు నాకుతూ నవ్వాడు.

కళ్లెం విప్పడానికి యేసురాజు చెయ్యి చాచాడు. గుర్రం బెదిరి తల వెనక్కి లాక్కుంది. ముళ్లు ఇంకా లోతుకు దిగాయి. అతను చెయ్యి దించేశాడు.

"పరేషాన్ గాకు. పులుల నోట్లకెళ్లి తప్పిచ్చినవ్. రేపు ఇంకో గుర్రమొస్తది, పొద్దుగాల్నే రా."

యేసురాజు గోడ పట్టుకుని కక్కాడు. మూతి తుడుచుకుని అన్నాడు: "రాను."

"రాకుంటె రాకు." పర్వతాలు టాంగా ఎక్కి కొరడా తీశాడు. "గుర్రానికి ఈపు పెట్టి ఎట్ల కూసోవాల్నో సూసిన గద."