రాజు ఊడిన పళ్ళెం

మా తమ్ముడు కన్నారావును మింగళ తౌంగ్‌న్యున్ రైల్వేస్టేషను దగ్గర టీ దుకాణంలో సైనికులు పట్టుకుపోయారు. కొండల్లో తిరుగుబాటుదార్ల మీద యుద్ధానికి బరువులు మోసే మనుషులు కావాలట. వీధికి రెండు వైపులా లారీలు అడ్డుపెట్టి మధ్యలో దొరికినవాళ్ళందరినీ ఎక్కించుకున్నారు. శుక్రవారం ఉదయం దాకా ఊరి బయట శిబిరంలో ఉంచుతారని తెలిసింది. ఆ రోజు మంగళవారం. అలా కొండలకు వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి ముగ్గురు. తిరిగొచ్చింది ఒక్కడు, అతనికీ కుడికాలు లేదు.

నేను పాత వెండి కొని అమ్మేవాణ్ణి. తమ్ముణ్ణి విడిపించడానికి పనికొచ్చేది ఏముందా అని చూస్తే ఒక పళ్ళెం తేలింది. అరవై నాలుగులో మొగల్ వీధిలోని ఇరానీ తేయాకు వర్తకుడు, సర్కారు దుకాణాలు లాక్కున్నప్పుడు దేశం విడిచిపోతూ తూకానికి అమ్మినది. నడుమ గుర్రం మీద రాజు వెనక్కి తిరిగి విల్లు లాగుతుంటాడు. ఒక సింహం మీదికి దూకుతుంటే ఇంకొకటి గుర్రం కాళ్ళ కింద చచ్చి పడి ఉంటుంది. పాతికేళ్ళు కరిగించకుండా ఉంచింది దాని మీద ప్రేమతో కాదు. బొమ్మకు ధర కట్టేవాడు ఎప్పటికైనా వస్తాడని.

వచ్చాడు. తామ్వే పేటలో ఉండే లింగరాజు పెద్ద ఆఫీసర్లకు పాత వస్తువులు చేరవేస్తాడు. బుధవారం వచ్చి పళ్ళెం తిప్పి తిప్పి చూశాడు. పారసీక రాజుల కాలం నాటిదన్నాడు. శిబిరం మేజరుకు వేటన్నా వేట బొమ్మలన్నా పిచ్చి అనీ, ఇది ఇస్తే జాబితాలోంచి కన్నారావు పేరు కొట్టేస్తాడనీ చెప్పాడు. రెండు సింహాలున్నాయి కదా, ఇంకా సంతోషిస్తాడు అన్నాను.

"రెండు కావు మావా, ఒకటే. దూకినప్పుడు ఒకపాలి, సచ్చినాక ఒకపాలి. ఆ రాజులు అలాగే సెక్కించుకునీవోరు."

మర్నాడు పొద్దున్న వచ్చి పట్టుకెళ్తానని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం వెలుతురులో పెట్టి చూస్తే రాజు చుట్టూ సన్నటి అతుకు కనిపించింది. అతుకు ఉందంటే లోపల సీసం ఉండొచ్చు. మా వ్యాపారంలో అతుకు విప్పి చూడకుండా ఎవరూ వస్తువు చేతులు మార్చరు. రేపు మేజరు చేతిలో సీసం బయటపడితే తమ్ముడితో పాటు నేనూ లారీ ఎక్కాలి. సన్న ఉలి తీసుకుని అంచు లేపాను. వెండి ఎప్పుడో పెళుసుబారినట్టుంది, బిస్కత్తులా విరిగింది. రాజు మూడు ముక్కలై ఊడి వచ్చాడు. కింద చూశాను. సీసం లేదు. అంతా మంచి వెండే.

టంకం పెట్టి అతికించబోతే సెగకు పళ్ళెం నల్లబడింది, కిరీటం మీది బంగారం ఎగిరిపోయింది.

గురువారం లింగరాజు ముక్కల్ని ఒక్కొక్కటిగా పళ్ళెంలో వాటి చోట పెట్టి చూశాడు.

"ఈటిని సేసీదే ఇలాగ మావా. రాజుని ఇడిగా సేసి పళ్ళెంలో బిగిస్తారు. నన్నొక మాట అడిగితే పోయీది కదా."

అయినా మూటగట్టి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి మూట తిరిగొచ్చింది. పగిలిన పళ్ళెంలో తనకు అన్నం పెడతావా అని మేజరు అడిగాడట. శుక్రవారం తెల్లవారుజామున లారీలు తూర్పుకు వెళ్ళాయి. రోడ్డు పక్కన నిలబడి పదకొండు లెక్కపెట్టాను. టార్పాలిన్లు కట్టేసి ఉన్నాయి. ఏ దాంట్లో ఉన్నాడో తెలియలేదు.

కన్నారావు భార్య చిన్నతల్లికి పళ్ళెం సంగతీ చెప్పలేదు, లారీల సంగతీ చెప్పలేదు. మేజరు సంతకం పెట్టాలి, ఆలస్యమవుతుందన్నాను. చెబితే ఆమె ఏమవుతుంది, చెప్పకపోతే ఎన్నాళ్ళు గడుస్తుంది అని బేరం ఆలోచించినట్టే ఆలోచించాను. ఎటు చూసినా నష్టమే. రోజులు గడిచేవైపు మొగ్గాను.

ఆమె రోజూ కారియరు పట్టుకుని శిబిరం గేటు దాకా వెళ్తోంది. కాపలావాళ్ళు తీసుకుంటారు, ఖాళీది తిరిగిస్తారు. నిన్న చేపల పులుసు చేసి పట్టుకెళ్ళింది. వచ్చాక కారియరు నా ముందు మూత తీసి చూపించింది.

"మొత్తం తినీసినారు బావగారూ. గిన్నెలు కడిగి మరీ ఇచ్చినారు."