వంద పళ్ల బెల్టు

ముగ్గురు కలిసి మొదలుపెట్టిన రోబో దగ్గర చివరికి జేబా ఒక్కతే మిగిలింది. విజేందర్‌కు హైదరాబాదులో కొలువు దొరికింది. సుహాసిని వాళ్ల నాన్నకు బదిలీ అయింది. పోతూ పోతూ ఇద్దరూ ఒకటే మాటన్నారు: "నువ్వున్నవ్ గదా." ఆ మాట అనడం ఎంత తేలికో, ఆత్మకూరు నుంచి వచ్చి నల్లగొండ హాస్టల్లో ఉంటున్న ఆ పిల్లకు తెలిసింది. సెలవులకు అందరూ ఇళ్లకు వెళ్లాక, పాలిటెక్నిక్ వర్క్‌షాపులో స్పానర్ కిందపడితే ఆ చప్పుడుకు ఆమే ఉలిక్కిపడేది.

ఆదివారం మహబూబ్‌నగర్‌లో పోటీ. బరిలో ప్రతి రోబో పక్కనా ఇద్దరు నిలబడాలి. ఒకరు నడపాలి, ఇంకొకరు ఏదైనా తేడా వస్తే కరెంటు ఆపే ఎర్ర మీట దగ్గర ఉండాలి. ఒక్కరే వస్తే గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపిస్తారు. రెండో మనిషి ఎవరైనా సరే, కాలేజీ మనిషైతే చాలు. జేబా అడిగిన నలుగురూ తలా ఒక సాకు చెప్పారు. సాకు చెప్పనివాడు వాచ్‌మన్ పర్వతాలు తాత ఒక్కడే.

"మీట వత్తుడే గదా బిడ్డా. వత్త తియ్," అన్నాడు.

తాత వాచ్‌మన్ కాకముందు ఆలేరులో ముప్పై ఏళ్లు ధాన్యం కొలిచాడు. ఇప్పుడు కళ్లకు పొర కమ్మింది. రోజూ మధ్యాహ్నం వర్క్‌షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుంటే, జేబా తన రోబో గురించి చెప్పుకునేది. మోటారుకు ఇరవై పళ్ల పుల్లీ, రోబో చేతికి అరవై పళ్ల పుల్లీ. మోటారు మూడు చుట్లు తిరిగితే చెయ్యి ఒక్క చుట్టు తిరుగుతుంది, అంత బలంగా లేస్తుంది. రెంటినీ కలిపే పళ్ల బెల్టు చిన్న పుల్లీని కనీసం ఆరు పళ్లతోనైనా పట్టుకోవాలి, లేదంటే బరువెత్తగానే జారుతుంది. తాతకు అందులో సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా "మంచిది, మంచిది" అంటూ వినేవాడు. ఆ పిల్లకు కావలసింది కూడా అదే.

పాత జిరాక్సు మిషన్ నుంచి తీసిన బెల్టు కొలతకే విజేందర్ మోటారు బిగించే రేకుకు రంధ్రాలు చేసి వెళ్లాడు. ఆ బెల్టేమో పగుళ్లిచ్చింది, మీదున్న నంబరు అరిగిపోయింది. కొత్తది తెప్పించాలంటే దాని పళ్లు లెక్కపెట్టాలి. పంటికీ పంటికీ మధ్య అయిదు మిల్లీమీటర్లు. ఒక్క పన్ను తగ్గినా బెల్టు ఎక్కదు, ఒక్కటి పెరిగినా వదులై జారుతుంది. జేబా మూడుసార్లు లెక్కపెట్టింది. తొంభై ఎనిమిది, నూట ఒకటి, తొంభై తొమ్మిది. ఏడుపొచ్చింది.

"ఇటియ్యి," అని తాత బెల్టు తీసుకున్నాడు. సుద్దతో ఒక గుర్తు పెట్టించుకుని, కళ్లు మూసుకుని, వేలి కొసలతో ఒక్కో పన్ను తడుముతూ పోయాడు. జేబా అటు తిరిగి స్క్రూలు విప్పుతోంది. తాత ఏదో దేవుణ్ణి తలచుకున్నట్టు ఒక మాట గొణిగి, "రెండు, మూడు, నాలుగు" అంటూ మొదలుపెట్టడం చెవిన పడింది. చివరికి "వంద" అన్నాడు.

ఒకటి అననే లేదుగా, లెక్క ఒకటి ఎక్కువొచ్చుంటుంది, పెద్దాయనకు మొహం మీద చెప్పడమెందుకు అనుకుంది జేబా. పుస్తకంలో ఒకటి తీసేసి రాసుకుంది. తను మూడోసారి లెక్కపెట్టినప్పుడు వచ్చింది కూడా తొంభై తొమ్మిదే. ఇక అనుమానం లేకుండా ఆర్డరు పెట్టేసింది.

గురువారం బస్సు పార్శిల్లో బెల్టు వచ్చింది. ఎంత లాగినా పెద్ద పుల్లీ మీదికి ఎక్కలేదు. అప్పుడే ఫీజు కట్టడానికి వచ్చిన పిల్లలు నలుగురు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. నెల రోజుల ఒంటరితనమంతా ఆ క్షణంలో, చేతికి దొరికిన ఒకే ఒక్క మనిషి మీద పడింది.

"ఒక పన్ను తక్కువొచ్చింది తాతా! లెక్క రాకుంటే రాదని చెప్పొద్దా?"

తాత వర్క్‌షాపు తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా జేబా ఆకురాయితో మోటారు రంధ్రాలను పొడుగ్గా అరగదీసింది. మోటారును రెండున్నర మిల్లీమీటర్లు లోపలికి జరిపితే బెల్టు ఎక్కింది. చెయ్యి లేచింది. "లేచింది!" అని గట్టిగా అంది. స్టూలు ఖాళీగా ఉంది.

శుక్రవారం పొద్దున హాస్టల్ వంటగదిలో వంటమనిషి జంగమ్మ డబ్బాతో బియ్యం కొలుస్తోంది. మొదటి డబ్బా గిన్నెలో పోస్తూ "లాభం" అంది. తర్వాత "రెండు, మూడు" అంది. టీ గ్లాసు జేబా చేతిలోనే ఉండిపోయింది. వాళ్లింట్లో బియ్యం బస్తాలో వచ్చేవి, ఎవరూ అలా కొలవగా ఆమె చూడలేదు.

"ఒకటి అనలేదేందక్కా?"

"గింజలు కొలిచేటప్పుడు ఒకటంటమా పిల్లా? లాభమనే షురూ జెయ్యాలె. అదే ఒకటి."

జేబా వర్క్‌షాపుకు పరుగెత్తింది. పుస్తకం తెరిస్తే తన చేతిరాతే: వంద, తీసివేత ఒకటి, తొంభై తొమ్మిది. సిగ్గుతో చచ్చిపోయింది. తప్పు చేసినందుకు కాదు, ఆ తప్పును నలుగురి ముందు ఆయన నెత్తిన రుద్దినందుకు.

తాత గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. అడుగుల చప్పుడును బట్టే ఎవరో గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు.

"నీ లెక్క కరెక్టే తాతా. నేనే ఒకటి తీసేసిన. లాభమంటే నాకు తెల్వదు. మాఫ్ చెయ్యి."

"ముప్పై ఏండ్లు కొలిచిన," అన్నాడు తాత. "కరువుల గూడ నా కొలత తక్కువని ఎవ్వడన్లే. గా పోరగాండ్ల ముంగట నువ్వన్నవ్."

జేబా వెంట తెచ్చిన పాత బెల్టు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిరిగి ఆమెకే ఇచ్చాడు.

"నువ్వే లెక్కవెట్టు. గట్టిగ. నేనింట."

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. జేబా సుద్ద గుర్తు మీద వేలు పెట్టి "ఒకటి" అంది. తాత మొహం రోడ్డువైపు తిప్పాడు. ఆమె వేలు మళ్లీ గుర్తు మీదికి తెచ్చింది.

"లాభం," అంది. "రెండు. మూడు."

ఎండ చురుక్కుమంటోంది. దారిన పోయేవాళ్లు చూస్తున్నారు. ఆమె ఆపలేదు. తాత వేళ్లు మోకాలి మీద ఆమెతో పాటే ఒక్కొక్కటీ కదులుతున్నాయి. సుద్ద గుర్తు పక్కకు వచ్చి వేలు ఆగింది.

"వంద."

తాత కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఐతారం మహబూబ్‌నగర్ బస్సు ఎన్నింటికి?" అన్నాడు.